లాప్‌టాప్‌కు డిస్కు లైటు – ఒక చిన్న డ్రైవర్ కథ

వార్షికోత్సవ సంచికకు కంప్యూటర్ల గురించి ఏదైనా రాయమని అడిగారు. "కంప్యూటర్ వలన ఉపయోగాలు" అనే వ్యాసం ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు కాబట్టి నేను దాని జోలికి పోవడం లేదు. గోరంత లైటు ఒకటి ఉంది, దాని గురించి రాస్తాను. కంప్యూటర్లో డిస్కు పని చేస్తున్నప్పుడు మిణుకు మిణుకుమనే లైటు అది. ఆ లైటు లేని లాప్‌టాప్‌కు దాన్ని ఎలా తెచ్చిపెట్టారు, ఆ పైన దాన్ని వాడేవాడి చేతికే ఎలా అప్పగించారు అన్నదే ఈ వ్యాసం.

డెస్క్‌టాప్ కంప్యూటర్ డబ్బా ముందు మామూలుగా రెండు లైట్లుంటాయి. ఒకటి కరెంటు ఉందని చెప్పేది. రెండోది డిస్కులో రాయడమో చదవడమో జరుగుతున్నప్పుడు వెలిగి ఆరేది. చాలా లాప్‌టాప్‌లలో ఈ రెండో లైటు ఉండదు. లేకపోతే నష్టమేమిటి అంటారా? ఒక్క పాత లాప్‌టాప్ చుట్టూ ఆరుగురు కూర్చున్న చోట ఏమవుతుందో మీకే బాగా తెలుసు. బాణం గుర్తు కదలదు. "హ్యాంగ్ అయిందిరా" అంటాడొకడు. ఇంకొకడు పవర్ బటన్ నొక్కి పట్టుకుంటాడు. నిజానికి అది హ్యాంగ్ అయి ఉండకపోవచ్చు, డిస్కులో ఏదో రాసుకుంటూ ఉండవచ్చు. రాత మధ్యలో కరెంటు తీసేశాక ప్రాజెక్టు రిపోర్టు ఫైలు తెరుచుకోవడం లేదని బాధపడి లాభం లేదు. సొంత కంప్యూటర్ ఉన్నవాడు ఇంటికెళ్లి మళ్లీ టైపు చేసుకుంటాడు. వంతు ప్రకారం గంటసేపు దొరికేవాడికి మళ్లీ వంతు వచ్చేసరికి చివరి తేదీ దాటిపోతుంది.

మార్కాపురం వాళ్లం కదా, పలకతో చెబితే ఇది త్వరగా అర్థమవుతుంది. కంప్యూటర్లో ర్యామ్ అనేది పలక లాంటిది, డిస్కు నోటుబుక్కు లాంటిది. మనం "సేవ్" నొక్కగానే అక్షరాలు నోటుబుక్కులోకి చేరిపోయాయనుకుంటాం. చాలాసార్లు అవి ఇంకా పలక మీదే ఉంటాయి. లినక్స్ అయితే మామూలుగా 5 సెకన్లకోసారి లేచి చూసి, 30 సెకన్ల కంటే పాతబడిన రాతలను నోటుబుక్కులోకి ఎక్కిస్తుంది. కొన్ని ప్రోగ్రాములు వెంటనే ఎక్కించమని పట్టుబడతాయి, కొన్ని పట్టుబడవు. ఈ లోపల కరెంటు పోతే పలక తుడిచినట్టే. డిస్కు లైటు వెలుగుతోందంటే నోటుబుక్కులో పని నడుస్తోందని, బటన్ జోలికి పోవద్దని అర్థం.

అయితే లైటు చెప్పనిది కూడా తెలుసుకోవాలి. మన పొలాల్లో మోటారు స్టార్టర్ బోర్డు మీద మూడు లైట్లు చూస్తుంటాం. మూడూ వెలిగితే మూడు ఫేజులూ ఉన్నట్టు. ఒకటి ఆరిందంటే ఆ ఫేజు లేదని, మోటారు వేస్తే కాలిపోతుందని రైతుకు తెలుసు. కానీ మూడు లైట్లూ వెలిగినంత మాత్రాన బోరులో నీళ్లున్నాయని కాదు. గిద్దలూరు వైపు ఈ మాట ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. డిస్కు లైటూ అంతే. వెలిగితే డిస్కుకు పని ఉందని చెబుతుంది. ఆరిపోతే ఈ క్షణంలో పని లేదనే చెబుతుంది తప్ప, పలక మీద ఇంకేమీ మిగల్లేదని హామీ ఇవ్వదు. ఆ హామీ కావాలంటే లినక్స్‌లో "సింక్" అనే ఆదేశం ఇవ్వాలి, లేదా పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చెయ్యాలి.

ఇక అసలు కథకు వద్దాం. ఆపిల్ కంపెనీ ఒకప్పుడు పవర్‌బుక్, ఐబుక్ అనే లాప్‌టాప్‌లు అమ్మేది. వాటిలో పవర్‌పీసీ అనే రకం ప్రాసెసర్ ఉండేది. ఆపిల్ 2005లో ఇంటెల్ ప్రాసెసర్లకు మారుతున్నట్టు ప్రకటించి, 2006లో ఈ రెండు పేర్లూ ఎత్తేసింది. ఆ యంత్రాలకు డిస్కు లైటు లేదు. ముందు అంచున ఒక తెల్ల లైటు మాత్రం ఉండేది. మూత వేసి నిద్రపుచ్చినప్పుడు అది ఊపిరి పీల్చి వదిలినట్టు మెల్లగా పెరిగి తగ్గేది. యంత్రం మెలకువగా ఉన్నంతసేపూ దానికి పని లేదు. ఆ ఖాళీ లైటును డిస్కు లైటుగా వాడుకుంటే బాగుంటుందని లినక్స్ వాళ్లకు తోచింది.

డెస్క్‌టాప్‌లో ఈ పని తేలిక. మదర్‌బోర్డు మీద డిస్కు కోసం ఉన్న పిన్నుల నుంచి తీగ తిన్నగా ముందున్న లైటుకు వెళుతుంది. మధ్యలో ప్రోగ్రాముతో పనే లేదు. పవర్‌బుక్‌లో మాత్రం డిస్కు ఒక దారిలో ఉంది. లైటు ఇంకో దారిలో, పీఎంయూ అనే చిన్న చిప్పు చేతిలో ఉంది. బ్యాటరీ, నిద్ర, పవర్ వ్యవహారాలు చూసేది ఆ చిప్పే. డిస్కుకూ లైటుకూ మధ్య తీగ లేదు. తీగ లేని చోట ఆ సంబంధం కలపగలిగేది కెర్నల్ ఒక్కటే. కెర్నల్ అంటే మనం వాడే ప్రోగ్రాములకూ, లోపలి యంత్ర భాగాలకూ మధ్య నిలబడే మూల ప్రోగ్రాము. అందులో ఒక్కో భాగంతో మాట్లాడే ముక్కను డ్రైవర్ అంటారు.

మొదట చేసిన ఏర్పాటు మొరటుగా ఉండేది. పవర్‌బుక్ డిస్కు డ్రైవర్లోనే లైటు వెలిగించే కోడ్ పెట్టేశారు. కెర్నల్ తయారు చేసుకునేటప్పుడు ఆ సౌకర్యం కావాలో వద్దో ఎంచుకోవాలి. కావాలంటే లైటు ఎప్పుడూ డిస్కుతోనే మిణుకుతుంది. రాత్రి గదిలో కళ్లలో పడుతోంది, ఆపేద్దామంటే కెర్నల్ మొత్తాన్ని మళ్లీ కంపైల్ చేసుకోవాలి. ఆనాటి లాప్‌టాప్‌లలో అది గంటలకొద్దీ సాగే పని. లైటు ఎవరికోసం పెట్టారో వాడి చేతిలో అది లేదన్నమాట.

మన హాస్టల్ గంట గుర్తు తెచ్చుకోండి. వేలాడదీసిన ఇనుప ముక్క అది. ప్రేయర్‌కూ అదే, స్టడీ అవర్‌కూ అదే, భోజనానికీ అదే. ఎందుకు మోగుతున్నదో గంటకు తెలియదు, కొడితే మోగుతుంది అంతే. ఎప్పుడు కొట్టాలో నిర్ణయించేది వేరేవాళ్లు. ఒకవేళ భోజనానికి మాత్రమే మోగేలా ఆ గంటను వంటగది తలుపుకు కట్టేసి ఉంటే? స్టడీ అవర్‌కు ఇంకో గంట కొనాలి. పవర్‌బుక్ లైటును డిస్కు డ్రైవర్‌కు కట్టెయ్యడం అలాంటిదే.

ఆ కట్టు విప్పింది 2006లో. రిచర్డ్ పర్డీ అనే డెవలపర్ లైట్ల కోసం కెర్నల్‌లో ఒక ప్రత్యేక విభాగం తయారు చేశారు. జాన్ లెంజ్ అంతకుముందు చేసిన పని దానికి పునాది. పర్డీ అప్పట్లో షార్ప్ కంపెనీ జౌరస్ అనే అరచేతి కంప్యూటర్లలో లినక్స్ నడిపే పనిలో ఉండేవారు. ఆ బుల్లి యంత్రాల మీద చార్జింగ్ లైటు, ఉత్తరం వచ్చిందని చెప్పే లైటు వంటివి ఉండేవి. ఒక్కోదానికి ఒక్కో రకం కోడ్ రాసుకుంటూ పోకుండా ఆయన విషయాన్ని రెండుగా చీల్చారు. లైటు డ్రైవర్‌కు వెలిగించడం, ఆర్పడం తప్ప ఇంకేమీ తెలియనక్కరలేదు. ఎప్పుడు వెలగాలో చెప్పేదాన్ని ట్రిగ్గర్ అన్నారు. డిస్కు ట్రిగ్గర్ ఉంది, నిర్ణీత సమయానికి వెలిగి ఆరే టైమర్ ట్రిగ్గర్ ఉంది, గుండె కొట్టుకున్నట్టు మిణికే హార్ట్‌బీట్ ట్రిగ్గర్ ఉంది. ఈ చివరిది కంప్యూటర్ మీద భారం పెరిగేకొద్దీ వేగంగా కొట్టుకుంటుంది. ఏ లైటుకు ఏ ట్రిగ్గర్ తగిలించాలో యంత్రం నడుస్తుండగానే, ఒక ఫైలులో ఒక్క మాట రాసి మార్చుకోవచ్చు. ఈ విభాగం 2006 జూన్‌లో విడుదలైన 2.6.17 కెర్నల్‌తో వచ్చింది.

అదే ఏడాది జోహానెస్ బెర్గ్ అనే డెవలపర్ పవర్‌బుక్ ముందు లైటుకు కొత్త పద్ధతిలో డ్రైవర్ రాశారు. నూటయాభై వరుసల లోపే ఉంటుంది. సీ భాష ఒక సెమిస్టర్ చదివినవాడు కాగితం మీద ప్రింటు తీసుకుని కూర్చుంటే చాలా భాగం అర్థం చేసుకోగలడు. అందులో నాకు నచ్చిన చోటు ఒకటుంది, కాస్త వివరంగా చెబుతాను.

డిస్కు చాలా వేగం, పీఎంయూ చిప్పు నిదానం. డిస్కు పని చేసిన ప్రతిసారీ లైటు వెలిగేదాకా ఆగాల్సి వస్తే లైటు కోసం కంప్యూటర్ మందగిస్తుంది. అది ఎవరికీ అక్కరలేదు. అందుకని డ్రైవర్ నాలుగు బైట్ల చిన్న కబురు పీఎంయూకు పంపి, జవాబు కోసం ఆగకుండా తన దారిన తాను పోతుంది. ఆ కబురు ఇంకా చేరకముందే "ఆర్పు", "వెలిగించు", "ఆర్పు" అని మూడు కొత్త కబుర్లు వచ్చాయనుకోండి. మూడింటినీ వరుసలో నిలబెట్టదు. చివరిదాన్ని మాత్రం గుర్తుంచుకుంటుంది. మొదటి కబురు చేరిందని తెలియగానే ఆ చివరిది పంపుతుంది. మధ్యవి పోతే పోనీ, లైటు విషయంలో పాత మాటకు విలువ లేదు. బ్యాంకు లెక్కల ప్రోగ్రాము ఇలా రాస్తే కొంప మునుగుతుంది, లైటుకు మాత్రం ఇదే సరైన పద్ధతి. ఇంకొక జాగ్రత్త కూడా తీసుకున్నారు. యంత్రం నిద్రలోకి వెళ్లినప్పుడు డ్రైవర్ లైటును ముట్టుకోదు. ఆ సమయంలో లైటు పాత యజమానిదే.

డిస్కు ట్రిగ్గర్ కూడా తెలివిగా రాసిందే. డిస్కు పని ఒక్కోసారి కంటికి ఆననంత త్వరగా అయిపోతుంది. 2006 నాటి కోడ్‌లో ఇలా చేశారు: డిస్కుకు పని తగిలినప్పుడల్లా ఒక లెక్క ఒకటి చొప్పున పెరుగుతుంది. 10 మిల్లీసెకన్లకోసారి ఆ లెక్క చూస్తారు. పోయినసారి కంటే పెరిగి ఉంటే లైటు వెలుగుతుంది. పెరగకపోతే ఆరిపోతుంది, చూడటం కూడా ఆపేస్తారు. మళ్లీ పని తగిలితేనే ఆ చూపు మొదలవుతుంది. పని లేనప్పుడు ఊరికే లేచి చూస్తూ కూర్చుంటే బ్యాటరీ దండగ కదా.

లినక్స్‌లో ఈ ట్రిగ్గర్ పేరు మొదట "ఐడీఈ-డిస్క్". ఐడీఈ అంటే ఆనాటి వెడల్పాటి కేబుల్ డిస్కులు. సాటా డిస్కులు వచ్చి ఐడీఈ మూలన పడ్డాక, 2016లో దాన్ని అందరికీ పనికొచ్చేలా మార్చి "డిస్క్-యాక్టివిటీ" అని పేరు పెట్టారు. ఆ తరువాత చదవడానికి వేరుగా, రాయడానికి వేరుగా ట్రిగ్గర్లు చేర్చారు. మన లాప్‌టాప్ తగాదాకు నిజంగా పనికొచ్చేది ఆ రాసే ట్రిగ్గరే. పాత ఐడీఈ డ్రైవర్లను 2021లో కెర్నల్ నుంచి తొలగించారు.

వాడేవాడి చేతిలో లైటు పెట్టడం మంచిదని ఇంతసేపూ చెప్పాను కానీ, ఒక్క లైటు విషయంలో నా అభిప్రాయం వేరు. అది కెమెరా లైటు. కెమెరా నడుస్తున్నప్పుడు పక్కన వెలిగే లైటు ప్రోగ్రాము చేతిలో ఉంటే, దొంగ ప్రోగ్రాము కూడా దాన్ని ఆర్పగలదు. 2013లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ బ్రాకర్, స్టీఫెన్ చెకోవే ఇది నిరూపించారు. 2008కి ముందు తయారైన ఆపిల్ మ్యాక్‌బుక్‌లలో కెమెరా లోపలి ప్రోగ్రామును మార్చేసి, లైటు వెలగకుండానే బొమ్మ తీయగలిగారు. కెమెరా లైటు కెమెరా కరెంటుతోనే తీగ ద్వారా కట్టేసి ఉండాలి. అంతవరకు కెమెరా మీద ఒక కాగితం ముక్క అంటించుకోవడం మేలు, మరీ ముఖ్యంగా నలుగురూ వాడే యంత్రం మీద.

పవర్‌బుక్ మన దగ్గర ఎవరికీ ఉండదు కాబట్టి, మామూలు లాప్‌టాప్‌లో ఇది చూసే దారి చెబుతాను. 2015 నుంచి లినక్స్ కీబోర్డు మీది క్యాప్స్‌లాక్ లైటును కూడా ఈ లైట్ల విభాగంలోకి తెచ్చింది. "సిస్" డైరెక్టరీలో "క్లాస్", అందులో "లెడ్స్" తెరిస్తే లైట్ల పేర్లు వరుసగా కనిపిస్తాయి. వాటిలో చివర క్యాప్స్‌లాక్ అని ఉన్నదాని లోపల "ట్రిగ్గర్" అనే ఫైలుంటుంది. చదివితే ట్రిగ్గర్ల పేర్లన్నీ వస్తాయి, ప్రస్తుతం తగిలించి ఉన్నది చదరపు బ్రాకెట్లలో ఉంటుంది. అది ఏమిటో కాగితం మీద రాసి పెట్టుకోండి. తరువాత రూట్ అధికారంతో ఆ ఫైలులో "డిస్క్-యాక్టివిటీ" అని రాస్తే, క్యాప్స్‌లాక్ లైటు డిస్కుతో పాటు మిణకడం మొదలవుతుంది. ఒక పెద్ద ఫైలు కాపీ చేసి చూడండి, తేడా తెలుస్తుంది. అధికారం అవసరం కాబట్టి కంప్యూటర్ చూసుకునే సారును అడిగే చెయ్యండి.

జాబితాలో ఆ పేరే లేకపోతే మీ కెర్నల్‌లో ఆ ట్రిగ్గర్ చేర్చలేదని అర్థం. పేరు ఉండి కూడా లైటు కదలకపోతే మీ లాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ రకం డిస్కు ఉందేమో చూడండి. ఈ ట్రిగ్గర్‌కు కబురు పంపేది సాటా డిస్కుల దారి, ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఆ కబురు పంపదు. పాత సాటా లాప్‌టాప్‌లలో బాగా పనిచేస్తుంది, మనకు చేతికందేవి కూడా ఎక్కువగా అవే. చూడటం అయ్యాక కాగితం మీద రాసుకున్న పాత పేరును ఆ ఫైలులో మళ్లీ రాస్తే లైటు తన పాత పనికి వెళ్లిపోతుంది. మర్చిపోయినా ఫరవాలేదు, కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే అదే సర్దుకుంటుంది.