దద్దుర్లు పోయినా మిగిలిన మాత్ర

దద్దుర్లు వారం రోజులలో తగ్గిపోతాయి. వాటికోసం తెచ్చిన మాత్ర మాత్రం ఏళ్ల తరబడి తలగడ ప్రక్కనే ఉండిపోతుంది. ఏవిల్ వంటి పాతతరం అలర్జీ మందులతో ఎందరో వృద్ధుల అనుభవమిది. వారు దానిని మ్రింగేది దురదకు కాదు, నిద్రకు.

చర్మంపై దురద పుట్టించే హిస్టమినే మెదడులో మెలకువను కాపాడుతుంది. ఈ మందులు మెదడులోనికి ప్రవేశించి దానిని అడ్డగిస్తాయి. అందుకే ఆ మత్తు. కాని అది నిలిచేది కాదు. ఇదే కోవకు చెందిన డైఫెన్‌హైడ్రమిన్‌ను వరుసగా వాడి చూసిన పరీక్షలో నాలుగవ రోజుకే మత్తు దాదాపు మాయమైంది.

మిగిలేవి ఎండిన నోరు, మలబద్ధకం, మూత్రం బిగియడం, మతిమరపు. ఇవి ఎసిటైల్‌కోలిన్‌ను కూడ అడ్డగించినందువలన కలిగే బాధలు. ‘వయసు మీదపడింది కదా!’ అని రోగి సరిపెట్టుకొంటాడు. విచిత్రమేమంటే, ఇంటివారూ అదే అంటారు.

అమెరికాలో 65 ఏళ్లు దాటిన 3,434 మందిని పరిశీలించి 2015లో ప్రకటించిన అధ్యయనం, ఇటువంటి మందుల దీర్ఘకాల వాడకానికీ, చిత్తవైకల్యానికీ సంబంధం కనిపించినదని తెలిపింది. అదే కారణమని రుజువు కాలేదు.

హఠాత్తుగా మానినవారికి తొలి రాత్రులు కష్టంగా గడుస్తాయి. మాత్ర లేనిదే నిద్ర రాదన్న నమ్మకం అక్కడే బలపడుతుంది. అందుకే వైద్యులు మోతాదును కొద్దికొద్దిగా తగ్గిస్తారు.