గీసి చూపించాకే సప్లై

కారులో ఫోన్ ఛార్జ్ చేయాలంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 5 వోల్టులు తీయాలి. మధ్యలో ఒక రెసిస్టర్ పెడితే సరిపోదా అని మూడో సంవత్సరం ట్రిపుల్‌ఈ పిల్లలు అడుగుతారు. లెక్క వాళ్లచేతే వేయిస్తాను. 2 యాంపియర్లు తీసుకుంటే ఫోన్‌కు అందేది 10 వాట్లు, వేడిగా పోయేది 14 వాట్లు! పవర్ ఎలక్ట్రానిక్స్ ఎందుకు పుట్టిందో ఆ లెక్కలోనే ఉంది.

బక్ కన్వర్టర్ ఈ వృథాను చాలావరకు తప్పిస్తుంది. అందులో మాస్‌ఫెట్ అనే స్విచ్ సెకనుకు వేలసార్లు బ్యాటరీని కలుపుతూ, విడదీస్తూ ఉంటుంది. స్విచ్ ఆపినా సీలింగ్ ఫ్యాన్ కాసేపు తిరిగినట్టే, ఇండక్టర్‌లో కరెంటు టక్కున ఆగదు. డయోడ్ గుండా సాగిపోతుంది. స్విచ్ ఎంత వంతు సేపు ఆన్‌లో ఉంటే వోల్టేజీలో అంత వంతు బయటికొస్తుంది. మనకు కావలసింది దాదాపు 42 శాతం.

పరీక్షలో మార్కులకు ఈ సూత్రం చాలు. ల్యాబ్‌లో మాత్రం, రాబోయే వేవ్‌ఫామ్ ముందుగా కాగితం మీద గీసి, మీటర్ ఎంత చూపాలో రాసి నాకు చూపించాకే సప్లై ఇస్తాను. సీనియర్ల రికార్డు చూసి ఎక్కించిన బొమ్మ ఇక్కడ పనికిరాదు.

అందరూ 5 అని రాస్తారు. మీటర్ 4.6 దగ్గర ఆగుతుంది.

“మేడమ్, కనెక్షన్ ఎక్కడో తప్పినట్టుంది.”

“కనెక్షన్ సరిగ్గానే ఉంది. డయోడ్ సంగతి చూశారా?”

మామూలు సిలికాన్ డయోడ్ సుమారు 0.7 వోల్టు మింగుతుంది, అదీ స్విచ్ ఆఫ్‌లో ఉన్న 58 శాతం సేపు. రెండూ గుణిస్తే 0.4. లోటు తేలింది. దాని బదులు షాట్కీ డయోడ్ పెడితే మీటర్ 4.8 దాకా ఎక్కుతుంది. ఇక లోడు తగ్గించుకుంటూ పోతే వోల్టేజీ 5 దాటి 12 వైపు పరుగెడుతుంది! ఇండక్టర్ కరెంటు ప్రతి సైకిల్‌లోనూ సున్నాకు పడిపోతుంటే పాత సూత్రం చెల్లదు. క్లాసులో నిద్రపోయిన పాఠాన్ని అప్పుడు వాళ్లే వెతుక్కుని చదువుతారు.

అందుకే మూతవేసిన ట్రైనర్ కిట్లు నాకు నచ్చవు. ప్యాచ్‌కార్డులు గుచ్చితే రీడింగు వస్తుంది కానీ లోపల ఏ డయోడ్ ఉందో కనబడదు. 230 వోల్టుల రెక్టిఫయర్‌కు వచ్చేసరికి సంగతి వేరు. అక్కడ కెపాసిటర్ 325 వోల్టుల దాకా నిండి, సప్లై ఆపినా అలాగే ఉండగలదు. డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో సున్నా చూశాకే చేయి పెట్టాలి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

“డయోడ్ బదులు ఇంకో మాస్‌ఫెట్ పెడితే ఆ 0.4 కూడా మిగులుతుంది కదా మేడమ్?” అని ఎవరో ఒకరు అడుగుతారు. మిగులుతుంది. కానీ రెండూ ఒక్క క్షణం కలిసి ఆన్ అయినా బ్యాటరీ షార్ట్ అవుతుంది. ఆ రెండింటి మధ్య ఎంత ఖాళీ వదలాలో గీసుకుని రమ్మంటాను. తర్వాతి ల్యాబ్ అదే.