చెవి నరం గడ్డ మళ్లీ పెరిగిందంటే...

రేడియేషన్ చేయించుకుని ఏడాది అయింది. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. అంతలో కొత్త ఎమ్మారై స్కానింగులో ‘గడ్డ కొంచెం పెద్దదయింది’ అని వచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి? ఆపరేషనా? మళ్లీ రేడియేషనా?

ముందు కంగారుపడకండి. అకూస్టిక్ న్యూరోమా క్యాన్సర్ కాదు. వినికిడినీ, తూలిపోకుండా నిలబడే శక్తినీ చూసే ఎనిమిదో కపాల నాడి మీద పుట్టే గడ్డ ఇది. సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది. దీనికి గామా కిరణాల చికిత్సను 1969లో స్వీడన్ వైద్యుడు లార్స్ లెక్సెల్ మొదలుపెట్టారు. ఈ చికిత్స గడ్డను మాయం చేయదు, పెరగకుండా ఆపుతుంది. నూటికి 90 మందికి పైగా ఆ ఫలితం కనిపిస్తుంది.

వాపా? పెరుగుదలా?

కిరణాలు తగిలిన గడ్డ మొదటి 2, 3 ఏళ్లలో కొంత ఉబ్బి, తర్వాత తగ్గడం కద్దు. అందుచేత ఒక్క స్కానింగు చూసి చికిత్స విఫలమైందనుకోరాదు. పాత ఫిల్ములన్నీ పక్కపక్కన పెట్టి కొలిపించాలి. ఆ గడువు దాటాక కూడా వరుస స్కానింగుల్లో పెరుగుతూంటే అప్పుడు ఆలోచించాలి.

మూడు దారులు

ఒకటి, బాధలు ముదరనంత కాలం స్కానింగులతో కనిపెట్టి వుండటం.

రెండు, ఆపరేషన్. గడ్డ పెద్దదై మెదడు కాండాన్ని నొక్కుతూంటే ఇదే మార్గం. అయితే రేడియేషన్ తర్వాత గడ్డ ముఖ నాడికి అతుక్కుపోయి వుండవచ్చు. పట్టుబట్టి మొత్తం తీస్తే మూతి వంకరపోవచ్చు, కన్ను మూతపడకపోవచ్చు. అందుకే అనుభవజ్ఞులైన సర్జన్లు అవసరమైతే నరం మీద పల్చని పొర వదిలేస్తారు. ‘సగంలో వదిలేశారు’ అని నొచ్చుకోకండి. మీ ముఖాన్ని కాపాడటానికే అలా చేస్తారు.

మూడు, మళ్లీ రేడియేషన్. గడ్డ చిన్నదైతే, వయసు మీరి ఆపరేషన్ తట్టుకోలేకపోతే దీన్ని ఆలోచిస్తారు. మిగిలివున్న వినికిడి పోయే అవకాశం వుంది. ముఖం తిమ్మిరెక్కవచ్చు.

ఏది ఎంచుకున్నా ఈ ప్రశ్నలు అడగండి: ‘రేడియేషన్ తర్వాత ఇలాంటి ఆపరేషన్లు మీరు ఎన్ని చేశారు? ముఖ నాడికి ప్రమాదమెంత? రెండో చెవి ఎలా వుంది?’ గడ్డ వున్న చెవి ఒక్కటే వినిపించే చెవి అయితే లెక్క మారిపోతుంది. న్యూరోసర్జన్, చెవి నిపుణుడు, రేడియేషన్ నిపుణుడు ముగ్గురి అభిప్రాయమూ తీసుకోవడం మేలు.

తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, నడకలో తూలు, మింగడం కష్టం కావడం కనిపిస్తే మాత్రం తర్వాతి స్కానింగు తేదీ కోసం ఆగవద్దు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.