ఆకలి నెలలు - రోగ నిరోధక కణాల శక్తి అవసరాలు

ఖమ్మం నుండి భద్రాచలం వరకు గల అటవీ సరిహద్దు గ్రామాలలో వానాకాలం రెండు విధాలుగా కఠినమైనది. గాదెలో ధాన్యం అడుగంటేదీ, మలేరియా ప్రబలేదీ ఆ నెలలలోనే. ఈ రెండూ కలిసివస్తే నష్టం ఎందుకు పెరుగుతుందో రోగ నిరోధక కణాల జీవక్రియ వివరిస్తుంది.

విశ్రాంతిలో ఉన్న టి-కణం మైటోకాండ్రియాలో గ్లూకోజును, కొవ్వు ఆమ్లాలను పూర్తిగా దహించి పొదుపుగా జీవిస్తుంది. ఒక్కొక్క గ్లూకోజు అణువు నుండి సుమారు 30 ఏటీపీ అణువులు లభిస్తాయి. సూక్ష్మజీవిని గుర్తించిన తరువాత ఆ కణం ప్రధానంగా గ్లైకాలిసిస్‌ను ఆశ్రయిస్తుంది. ఈ మార్గంలో నికరంగా దక్కేది 2 ఏటీపీలే. అయినా వేగం ఎక్కువ, కణ విభజనకు కావలసిన ముడిపదార్థాలూ లభిస్తాయి. కనుక పోరాడే కణానికి గ్లూకోజు, అమైనో ఆమ్లాలు విస్తారంగా కావాలి. ఆహారం తగ్గినప్పుడు కొవ్వు కణజాలం విడుదల చేసే లెప్టిన్ తగ్గి, టి-కణాలు గ్లూకోజును గ్రహించే శక్తి క్షీణిస్తుంది.

ఈ విజ్ఞానపు పునాదులలో ఒక తెలుగువాని కృషి ఉన్నది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరాలలోని ఏటీపీని 1929లో వెల్లడించారు. అనంతరం లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం నుండి వెలువడిన మెథోట్రెక్సేట్ ఫోలిక్ ఆమ్ల జీవక్రియను అడ్డుకుంటుంది. అదుపు తప్పిన రోగ నిరోధక స్పందన వల్ల కలిగే రుమటాయిడ్ కీళ్లవాతానికి నేడు దానిని స్వల్ప మోతాదులో వాడుతున్నారు.

పాడి పశువులోనూ ఇదే సూత్రం. ఈనిన తొలి వారాలలో పాలకు వెచ్చించే శక్తి మేత ద్వారా అందే శక్తిని మించుతుంది. రక్తంలో కీటోన్‌లు పెరిగి న్యూట్రోఫిల్ కణాలు మందగిస్తాయి. పొదుగువాపు, గర్భాశయ వాపు ఆ దశలోనే అధికం.

మనం దిగుబడిని ఎకరానికి క్వింటాళ్లలో లెక్కిస్తాము. ఆగస్టులో ఇంట ఏమి మిగిలిందని అడగము; నేనూ చాలా ఏళ్లు అడగలేదు. పత్తి, మిరప నగదును ఇస్తాయి కాని ఆ నెలల గాదెను నింపవు. పత్తిలో కంది అంతరపంటగా వేయించి, కొంత పప్పును ఇంటి కొరకు నిల్వ చేయించాలి. జూన్‌లో విత్తిన కొర్ర 80-90 రోజులలో, అనగా సెప్టెంబరు నాటికి చేతికి వస్తుంది. పెరట్లో మునగ ఉండాలి. దోమతెరకు, సకాల చికిత్సకు ఆహారం ప్రత్యామ్నాయం కాదు. అయితే జ్వరంతో పోరాడే కణానికి ఇంధనం ఆ ఇంటి గాదె నుండే రావాలి.