పాత బ్యాటరీని ఎవరి చేతిలో పెట్టాలి?

తెనాలిలో డీటీపీ కొట్టుకెళ్లినా, బాపట్లలో హాస్టలుకెళ్లినా, రేపల్లెలో మందుల షాపుకెళ్లినా మెట్ల కిందో బల్ల కిందో ఒక ఇన్వర్టర్ కనిపిస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ మరుసటి ఏడు సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద కిందికొచ్చి, కొల్లూరు, రేపల్లె వైపు లంకల్ని ముంచెత్తింది. అలాంటప్పుడు కరెంటు పోతే ఆ పెట్టె విలువ అందరికీ తెలుస్తుంది. దాని బ్యాటరీ పని అయిపోయాక ఏం చేయాలన్నదే చాలామంది పట్టించుకోరు. ఇవాళ ఆ సంగతి చెబుతాను.

1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కనిపెట్టిన పద్ధతే ఈ బ్యాటరీల్లో ఇప్పటికీ నడుస్తోంది. ఒక పలక సీసం, ఇంకో పలక సీసపు డయాక్సైడు, మధ్యలో నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. ఇలాంటి గదులు ఆరు కలిస్తే 12 వోల్టులు. కరెంటు వాడుకుంటున్నకొద్దీ రెండు పలకల మీదా సీసపు సల్ఫేట్ పేరుకుని, యాసిడ్ పలచబడుతుంది. చార్జింగ్ పెడితే మళ్లీ మామూలవుతుంది. చార్జింగ్ లేకుండా వారాల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఇక వదలదు. మన ఎండలు కూడా బ్యాటరీ ఆయుష్షు తగ్గిస్తాయి.

మూడు గంటలు వచ్చే బ్యాకప్ అరగంటకు దిగినా, పోసిన డిస్టిల్డ్ వాటర్ త్వరత్వరగా ఇంకిపోతున్నా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చినా, సీల్డ్ బ్యాటరీ పొట్ట ఉబ్బినా మార్చేయాల్సిందే. ఇన్వర్టర్‌కి రెండు బ్యాటరీలుంటే రెండూ ఒకేసారి మార్చండి. కుంటి ఎద్దుతో జత కట్టిన కొత్త ఎద్దులా, పాతదాని పక్కన పెట్టిన కొత్తది కూడా తొందరగా పాడవుతుంది. సీల్డ్ రకం తీసి, నీళ్లు పోసే ట్యూబులర్ రకం పెడుతుంటే ఇన్వర్టర్‌లో చార్జింగ్ సెట్టింగు మార్పించడం మరవద్దు.

ఫ్యాన్ తిప్పలేని బ్యాటరీలో ఏముందిలే అనుకోకండి. రెంచి అటూ ఇటూ తగిలి రెండు టెర్మినళ్లూ కలిశాయంటే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారి ఇనుము ఎర్రగా కాలుతుంది. అందుకే ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. ముందు ఇన్వర్టర్ ఆపి ప్లగ్ తీయాలి, తర్వాత నెగటివ్ వైరు, ఆపైన పాజిటివ్. తీసిన కొసలకి టేపు చుట్టాలి. చార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది. అది గాలిలో నాలుగు శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది. తలుపులేసిన గదిలో, గ్యాస్ పొయ్యి పక్కన, దేవుడి దీపం దగ్గర బ్యాటరీ ఉండకూడదు. 150 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీ యాభై కిలోలకు పైమాటే, ఇద్దరు పట్టండి, వంచకండి. యాసిడ్ కంట్లో పడితే పావుగంటకు తగ్గకుండా మంచినీళ్లతో కడుగుతూ ఉండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక అసలు సంగతికొస్తాను. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. అది మళ్లీ మళ్లీ కరిగించి వాడుకోదగ్గ లోహం, అందుకే పాత బ్యాటరీకి డబ్బులొస్తాయి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, అంటే కట్టెల పొయ్యి చాలు. ప్రమాదమంతా అక్కడే ఉంది. బరువు తగ్గించడానికి యాసిడ్ కాలువలో పారబోసి, సుత్తితో పగలగొట్టి, పెరట్లోనే కరిగించేవాళ్లుంటారు. బాపట్ల ఇసుక నేలలో నీళ్లు పైపైనే ఉంటాయి, అక్కడ చేతిపంపు దగ్గర యాసిడ్ పోస్తే ఏమవుతుందో ఆలోచించండి. నిజాంపట్నం రేవు వైపు వలలకు సీసపు గుండ్లు కావాలి కదా అని బ్యాటరీ పలకలు కరిగించుకునే పని మాత్రం ఎవరూ పెట్టుకోవద్దు. ఆ పొగ, ఆ పొడి బట్టలకంటుకుని ఇంట్లో పిల్లల దాకా చేరుతుంది. నోట్లోకి పోయిన సీసాన్ని పెద్దవాళ్లకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పిల్లల ఒళ్లు పీల్చుకుంటుంది. వాళ్ల మెదడుకి ఇంత మోతాదు పరవాలేదని చెప్పగల హద్దే లేదు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో ఆందోళన పడాల్సినంత సీసం ఉందని 2020లో యునిసెఫ్ ప్రకటించింది. ఇలా ఎక్కడపడితే అక్కడ బ్యాటరీలు కరిగించడం దానికొక పెద్ద కారణమంది.

2022 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. ఇంటి చెత్తలో కలపకుండా విడిగా అప్పగించడం మన వంతు. కొత్తరకం లిథియం బ్యాటరీలను వీటితో కలపకండి. అవి నలిగినా, చిల్లుపడినా మంటలంటుకుంటాయి, వాటిని విడిగా ఇవ్వాలి.

కాబట్టి కొత్తది కొనేటప్పుడే పాతదాన్ని నిలువుగా, మూతలు బిగించి, యాసిడ్‌తో సహా ఆ షాపుకే ఎక్స్ఛేంజిలో ఇవ్వండి, బిల్లులో రాయించుకోండి. వీధిలో తిరిగే తుక్కు సామాన్లవాడు రెండొందలు ఎక్కువిస్తానన్నా సరే, అతనికి మాత్రం ఇవ్వకండి.