మూడడుగుల ఎత్తులో ఓ కెరియర్

మీ వీధిలోని అంగన్‌వాడీ కేంద్రంలోకి ఓసారి వెళ్లి నేల మీద కూర్చోండి. అక్షరాల చార్టు మీ తలకంటే ఎంత పైన ఉంది? కిటికీలోంచి ఏమైనా కనిపిస్తోందా? బొమ్మలు చేతికి అందుతున్నాయా, బీరువాపైన ఉన్నాయా? ఆ గది ఎవరి ఎత్తుకు అమర్చారో ఇట్టే తెలిసిపోతుంది. దాన్ని పిల్లల ఎత్తుకు దించడం ఒక నైపుణ్యం. దానికి చదువులున్నాయి, అవకాశాలూ ఉన్నాయి.

ఇంటీరియర్ డిజైన్ అంటే హైదరాబాద్ ఫ్లాట్ల వ్యవహారం, అశ్వారావుపేటలో డిగ్రీ చదివేవాళ్లకు ఎందుకులే అనుకుంటున్నారా? అసలు ఈ ఆలోచన పేదల వాడల్లోనే బలపడింది. 1907లో డాక్టర్ మరియా మాంటిస్సోరి తన మొదటి ‘పిల్లల ఇల్లు’ తెరిచింది రోమ్‌లోని శ్రామికుల వాడలో. పిల్లలే జరుపుకోగల తేలికైన కుర్చీలు, అందేంత ఎత్తులో అరలు ఆమె పద్ధతికి గుర్తులయ్యాయి. 1939లో ఆమె మద్రాసు అడయార్‌కు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. తర్వాత మన సర్కారు బడుల కోసం ఆర్కిటెక్ట్ కబీర్ వాజ్‌పేయి బృందం ‘బాలా’ (బిల్డింగ్ యాజ్ లెర్నింగ్ ఎయిడ్) విధానాన్ని రూపొందించింది. తలుపు తెరుచుకునే చోట నేల మీద కోణమానిని గీస్తే, తలుపే కోణాలు నేర్పుతుంది.

ఇలా మొదలుపెట్టండి

ఎత్తు: గోడకు కింది నుంచి మూడడుగుల వరకు నల్లబోర్డు పెయింట్ వేయండి. పిల్లలు గీసుకునే చోటు అదే.

ఖాళీ: గోడంతా బొమ్మలతో నింపొద్దు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అలంకరణ ఎక్కువున్న గదిలో పిల్లల ధ్యాస చెదిరింది. పరీక్షలో సరైన జవాబులు 42 శాతమే. సాదా గదిలో అవి 55 శాతం.

సరుకు: వెదురు బుట్టలు, తాటాకు బొమ్మలు, లెక్కలకు చింతపిక్కలు చాలు. మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం గింజలు ఇవ్వొద్దు, గొంతులో ఇరుక్కుంటాయి. గురివిందలు అసలే వద్దు, అవి విషం.

మాట: అడవి అంచున పెరిగే బిడ్డకు ‘ఓ’ అంటే ఓడ అని చెబుతాం. ఆ ఓడను వాడెక్కడ చూశాడు? ‘వి’ పక్కన విప్పచెట్టు, ‘తు’ పక్కన తునికిపండు గీయండి. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలుంటే, వాళ్ల అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి ఆ మాటను కూడా తెలుగు లిపిలో పక్కనే రాయండి. బడిలో నోరు విప్పని పిల్లాడికి తన ఇంటి మాట గోడ మీద కనిపించడం చిన్న విషయం కాదు.

ఏం చదవాలి?

ఇంటర్ తర్వాత డిజైన్‌కు యూసీడ్, ఆర్కిటెక్చర్‌కు నాటా రాయొచ్చు. డిగ్రీ అయ్యాక సీడ్ రాస్తే ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల ఎం.డిజైన్‌కు పోటీ పడొచ్చు. ఎన్‌ఐడీ గాంధీనగర్ క్యాంపస్‌లో టాయ్ అండ్ గేమ్ డిజైన్ పీజీ ఉంది. బోధన ఇష్టమైతే డీఈఈసెట్ ద్వారా డీఈడీ చేయొచ్చు. అర్హతలు, తేదీలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో సరిచూసుకోండి.

ఒక్క మూల సర్దగానే ఉద్యోగం వచ్చేయదు. కానీ టీచరమ్మ అనుమతి తీసుకుని ఈ సెలవుల్లో ఆ ఒక్క మూలే మార్చండి. ముందు, తర్వాత ఫొటోలు తీయండి. వాటిలో పిల్లల ముఖాలు పడకుండా చూడండి. ఎంత ఖర్చయింది, పిల్లలు దేన్ని ముట్టుకున్నారు, దేన్ని వదిలేశారు అన్నీ రాసుకోండి. అదే మీ మొదటి పోర్ట్‌ఫోలియో. రేపు ఇంటర్వ్యూలో ‘నువ్వు సొంతంగా ఏం చేశావ్?’ అని అడిగితే, సర్టిఫికెట్ల ఫైలు వెతకనక్కర్లేదు. ఆ పుస్తకం తెరిచి చూపించండి.