వాకిట్లో తంగేడు

బతుకమ్మకు తంగేడు పూవు కొనుక్కొచ్చిన నాడు మా అమ్మ మొహం చిన్నబోయింది. మా కేతేపల్లి చెల్క గట్ల మీద ఎవరూ నాటకుండానే పెరిగిన చెట్టు అది. 2014లో రాష్ట్ర పుష్పమైంది గానీ, గట్లు పోయి ప్లాట్లు వచ్చాక కనబడడమే కరువైంది. అందుకే వాకిట్లో పెట్టాలనుకున్న.

తొలి వానలకు ఒక మొక్కను పీక్కొచ్చి నాటితే వారానికే ఎండిపోయింది. దాని తల్లివేరు నిటారుగా లోతుకు దిగుతుంది, పీకితే తెగుతుంది. మరుసటి ఏడు గింజలు తెచ్చిన. పెంకు గట్టిది, నీళ్లు లోపలికి పోవు. మరిగిన నీళ్లు దించి, అందులో వేసి రాత్రంతా ఉంచి, పొద్దున ఉబ్బినవి మాత్రం ఏరి నేలలోనే పెట్టిన. రెండో ఏడు పూసింది.

పూలో తేనె ఉండదు. తుమ్మెద వచ్చి కేసరాలను కాళ్లతో గట్టిగా పట్టుకుని ఒళ్లంతా వణికించి జుయ్యిమంటుంది. ఆ అదురుకు పుప్పొడి రాలి దాని పొట్టకు అంటుకుంటుంది. కొన్నాళ్లకు ఆకుల మీద పచ్చని గొంగళిపురుగులు కనబడ్డాయి. "మందు కొట్టు వదినె" అన్నది పక్కింటామె. కొట్టలేదు. ఆకులు మళ్లీ చిగిర్చాయి, లేత పసుపు సీతాకోకచిలుకలు వాకిలంతా తిరిగాయి.

చిక్కుడు కుటుంబపు మొక్కల వేళ్లకు బుడిపెలుంటాయని, వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయని బడిలో చదివినం. తంగేడూ ఆ కుటుంబమే గానీ, వేరు తవ్వి చూస్తే ఒక్క బుడిపె లేదు. పెద్దలు కరిగెట్లో తంగేడు రొట్ట తొక్కింది ఆకు కుళ్లి బలమిస్తుందని. బుడిపెలు చూడాలంటే వెంపలి పీకాలి. దాని వేళ్లకు ఆవగింజలంత ఉంటాయి, గోరుతో గిల్లితే లోపల ఎర్రగా ఉంటుంది. కలుపని పారేసే ఆ వెంపలిని ఇప్పుడు తంగేడు మొదట్లోనే ఉంచుతున్న.

గురివిందను మాత్రం పెట్టలేదు. అదీ ఈ కుటుంబమే, గింజ అందంగా ఉంటుంది గానీ నమిలితే ప్రాణాంతకం. మా ఇంట్లో పసిపిల్లలున్నరు. సర్కారు తుమ్మదీ ఇదే కుటుంబం. అమెరికా ఖండం నుంచి వచ్చి మన బీళ్లన్నీ ఆక్రమించింది, దాన్ని మొలకలోనే పీకేస్తున్న.

ఈసారి సద్దుల బతుకమ్మకు మా చెట్టు పూలే సరిపోయినయి. పైకొమ్మలు మాత్రం కోయనియ్యలేదు, గింజ కావాలి గదా. ఎండిన కాయలు డబ్బాలో ఉన్నయి, అడిగినోళ్లకు పిడికెడు ఇస్తున్న.